చక్కెర జబ్బు లెక్కల వెనక నదులు, ఓడలు, ఉప్మా గిన్నెలు

ఒకే జాతి, రెండు దేశాలు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో గీలా నది పక్కన పీమా ఆదివాసులు ఉంటారు. వాళ్లలో 35 ఏళ్లు దాటినవాళ్లను తీసుకుంటే దాదాపు ఇద్దరిలో ఒకరికి షుగరు. 1965లో వాళ్ల మధ్య మొదలైన వైద్య పరిశోధన దశాబ్దాలపాటు సాగింది. షుగరు గురించి ఈనాడు వైద్యులకు తెలిసిన సంగతుల్లో చాలా వాటికి ఆ జనం ఓపిగ్గా ఇచ్చిన రక్తమే ఆధారం.

"ఆ జాతి రక్తంలోనే ఉంది" అనేసి ఊరుకోవడం తేలిక. అయితే పీమాల దాయాదులు సరిహద్దుకు అవతల, మెక్సికోలోని మైకోబా అనే కొండ ప్రాంతంలో కూడా ఉన్నారు. ఇద్దరినీ పోల్చిన అధ్యయనం 2006లో వెలువడింది. అరిజోనా పీమా మగవాళ్లలో నూటికి 34 మందికి, ఆడవాళ్లలో దాదాపు 41 మందికి షుగరు ఉంది. మైకోబాలో మగవాళ్లలో నూటికి ఆరుగురికి లోపే, ఆడవాళ్లలో ఎనిమిది తొమ్మిది మందికి. పూర్వీకులు ఒక్కరే. కానీ అప్పటికి మైకోబాలో మగా ఆడా ఒళ్లు వంచి సేద్యం చేసుకునేవారు, తమ మొక్కజొన్న, తమ చిక్కుళ్లు తినేవారు. అరిజోనాలో ఆ బతుకు పోయింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో ఎగువన స్థిరపడ్డ తెల్లవాళ్లు గీలా నీళ్లను మళ్లించుకున్నారు. తరతరాలుగా కాలువలు తవ్వి పంటలు పండించిన జనానికి నది ఎండిపోయింది. కరువొచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వ సరుకుగా పిండి, పంచదార, పంది కొవ్వు వచ్చాయి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ప్రసిద్ధ షుగరు వైద్యుడు ఇలియట్ జోస్లిన్ అరిజోనాలో సర్వే చేసి 1940లో ఫలితాలు ప్రచురించాడు. అప్పుడు ఆదివాసుల్లో ఈ జబ్బు మిగతా జనం కన్నా ప్రత్యేకంగా ఎక్కువేమీ కనిపించలేదు. పాతికేళ్లు గడిచేసరికి లెక్క తలకిందులైంది. రక్తం పాతికేళ్లలో మారదు.

మగా ఆడా మధ్య తూకం ఎటు?

అమెరికాలో 2017–18 లెక్కల ప్రకారం, షుగరు ఉన్నట్టు డాక్టరు నిర్ధారించిన పెద్దవాళ్లు ఆదివాసుల్లో నూటికి 14.7 మంది, లాటిన్ అమెరికా మూలాలున్నవారిలో 12.5, నల్లజాతివారిలో 11.7, ఆసియా మూలాలవారిలో 9.2, తెల్లవారిలో 7.5. ఈ వరస చాలామందికి తెలిసినదే. దీన్ని ఆడా మగా విడదీసి చూడండి. తెల్లవారిలో మగవాళ్లకు 8.6, ఆడవాళ్లకు 6.6, అంటే మగవాళ్లదే పైచేయి. నల్లజాతిలో మగవాళ్లకు 11.4, ఆడవాళ్లకు 12.0, అక్కడ తూకం ఆడవాళ్ల వైపు తిరిగింది. ఆదివాసుల్లోనూ ఆడవాళ్లే పిసరంత ఎక్కువ. షుగరు మగవాళ్ల జబ్బా ఆడవాళ్ల జబ్బా అన్న ప్రశ్నకు, ఎవరిలో అని అడగకుండా జవాబు లేదన్నమాట.

ఏ కాలంలో అని కూడా అడగాలి. 20వ శతాబ్దం మొదటి సగంలో అమెరికా, ఐరోపాల్లో వైద్యులు దీన్ని ప్రధానంగా ఆడవాళ్ల జబ్బుగానే చూశారు, రోగుల్లో వాళ్లే ఎక్కువ. శతాబ్దం గడిచేసరికి మగవాళ్లు సమానమై, చాలాచోట్ల దాటిపోయారు. 2021లో ప్రపంచం మొత్తం మీద 20 నుంచి 79 ఏళ్ల మధ్య షుగరు ఉన్నవాళ్లు 53.7 కోట్లని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య అంచనా వేసింది. వాళ్లలో ఆడవాళ్ల కన్నా మగవాళ్లు కోటీ 77 లక్షలు ఎక్కువ.

'ఆసియా' అనే మూట

పై లెక్కలో ఆసియా మూలాలవారికి 9.2 అని ఉంది కదా. ఆ మూట విప్పితే లోపల భారతీయులకు 12.6, ఫిలిప్పీన్స్ వారికి 10.4, చైనీయులకు 5.6. సగటు చూసి "పరవాలేదు, మధ్యలోనే ఉన్నాం" అనుకున్న డాలస్‌లోని తెలుగు కుటుంబం నిజానికి నల్లజాతి వరసను దాటి ఉంది. సగటు వల్ల చైనీయులకు లేని భయం అంటుకుంటుంది, మనకు ఉండాల్సిన జాగ్రత్త పోతుంది. ఇలాంటి లెక్కలు ప్రచురించేటప్పుడు జాతుల్ని విడివిడిగా చూపడం ప్రాణాలకు సంబంధించిన విషయమని నా గట్టి నమ్మకం.

సింగపూరు ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది. అక్కడి 2010 ఆరోగ్య సర్వేలో భారతీయుల్లో నూటికి 17.2, మలయ్ వారిలో 16.6, చైనీయుల్లో 9.7 మందికి షుగరు.

ఒకప్పుడు ఎవరి జబ్బు?

19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో జర్మనీ వైద్యులు షుగరును యూదుల జబ్బు అన్నారు. అమెరికా వైద్యులూ వంత పాడారు. నల్లజాతివారికి ఇది అరుదని, ఆదివాసులకు దాదాపు రాదనీ అప్పటి వైద్య పత్రికలు రాశాయి. నూరేళ్లలో ఆ వరస పూర్తిగా తిరగబడింది. ఈరోజు పట్టికలో పైనున్న జాతులే ఆనాడు "వీళ్లకు రాదు" అనిపించుకున్నవి. ఆసుపత్రికి ఎవరు రాగలిగారు, ఎవరికి మూత్ర పరీక్ష జరిగింది, ఎవరు అంత వయసు దాకా బతికారు అన్నవి ఆ లెక్కల్లో కలిసిపోయి ఉన్నాయి.

చెరకు తోటలకు వెళ్లిన మనవాళ్లు

మద్రాసు రేవు నుంచి 1860లో నాటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి, అంతకు ముందే కోరంగి నుంచి మారిషస్‌కు, తెలుగువాళ్లు కూలి ఒప్పందాల మీద ఓడలెక్కారు. వాళ్లు వెళ్లింది చెరకు నరకడానికి. తరాలు గడిచాక ఫిజీ, మారిషస్ దీవుల్లో తీసిన షుగరు లెక్కలు ఆలోచనలో పడేస్తాయి.

ఫిజీలో 1980లో జరిగిన సర్వేలో, స్థానిక ఫిజీ మగవాళ్లలో పల్లెల్లో షుగరు నూటికి ఒకరికి, పట్నాల్లో మూడు నాలుగు మందికి. భారత సంతతి మగవాళ్లలో మాత్రం పల్లెలోనూ పట్నంలోనూ పన్నెండు మంది దాకా. పల్లె గాలి, పొలం పని స్థానికుల్ని కాపాడినంతగా మనవాళ్లను కాపాడలేదు. ఇది చూసి మళ్లీ "మన రక్తంలోనే ఉంది" అనాలనిపిస్తుంది.

అంతలో మారిషస్ అడ్డు వస్తుంది. 1987లో అక్కడ భారత సంతతి హిందువుల్ని, ముస్లింల్ని, ఆఫ్రికా మూలాల క్రియోల్ జనాన్ని, చైనీయుల్ని ఒకే పద్ధతిలో పరీక్షించారు. నాలుగు వర్గాల్లోనూ షుగరు దాదాపు ఒకే మోతాదులో, నూటికి 10 నుంచి 13 మంది దాకా కనిపించింది. ఒకే దీవి, ఒకే సంత. మూలాలు రెండు ఖండాలవైనా ఫలితం దగ్గరగానే వచ్చింది.

ఫిజీలాగే పసిఫిక్‌లో ఉన్న నౌరూ దీవిది మరో కథ. ఫాస్ఫేటు గనుల డబ్బు వచ్చింది, దిగుమతి తిండి వచ్చింది, 1970ల మధ్యకు పెద్దవాళ్లలో మూడో వంతుకు షుగరు వచ్చింది.

ఊళ్లో ఉన్నవాళ్లకే ఎక్కువ

అమెరికా వెళ్లినవాళ్లకు బర్గర్లు తిని షుగరు వస్తుందని మనలో ఒక అభిప్రాయం. 40 నుంచి 84 ఏళ్ల మధ్య వయసువాళ్లను తీసుకుని, చెన్నైలో ఉన్నవారినీ అమెరికాలోని భారతీయుల్నీ పోల్చిన అధ్యయనం 2015లో వచ్చింది. వయసు తేడాలు సవరించాక చెన్నైలో షుగరు నూటికి 38 మందికి, అమెరికాలో 24 మందికి. షుగరుకు ముందు దశలో ఉన్నవాళ్లు మాత్రం అమెరికాలోనే ఎక్కువ. అంటే అక్కడ జబ్బు గుమ్మం దగ్గర ఆగుతోంది, ఇక్కడ లోపలికి వచ్చేస్తోంది. సముద్రం దాటినవాళ్లు ఎక్కువగా చదువూ జీతమూ ఉన్నవాళ్లు కావడం ఇందులో ఒక భాగం. ఎంతో దూరంలో ఉన్న కొడుకు షుగరు గురించి బెంగపడే అమ్మానాన్నలు ముందు తమ రక్తం పరీక్ష చేయించుకోవాలి.

సన్నగా ఉన్నా

లండన్ పడమటి పేట సౌథాల్‌లో పంజాబీలు ఎక్కువ. అక్కడి జనాన్ని లెక్కగట్టి 1985లో ప్రచురించిన అధ్యయనంలో, వయసు సవరించి చూస్తే ఆసియా వారిలో షుగరు ఐరోపా వారి కన్నా దాదాపు నాలుగింతలు. 40 నుంచి 64 ఏళ్ల మధ్య ఐదింతలు. నడివయసులోనే తేడా భగ్గుమంది. లండన్‌లోనే దశాబ్దాల తరబడి సాగిన మరో పరిశీలనలో, 80 ఏళ్లు వచ్చేసరికి దక్షిణాసియా, ఆఫ్రికన్, కరీబియన్ మూలాలవారిలో నూటికి 40 నుంచి 50 మందికి షుగరు వచ్చింది. ఐరోపా వారితో పోలిస్తే అది కనీసం రెండింతలు.

బరువు కథ కూడా జాతిని బట్టి మారుతుంది. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 30 దాటితే స్థూలకాయం అన్నది తెల్లవారిని చూసి పెట్టిన గీత. ఇంగ్లండ్‌లో లక్షలాది మంది వైద్య రికార్డులు పరిశీలించి 2021లో తేల్చింది ఏమిటంటే, తెల్లవారికి 30 దగ్గర ఎంత షుగరు ముప్పో దక్షిణాసియా వారికి 23.9 దగ్గరే అంత ముప్పు. అరబ్బులకు అది 26.6, చైనీయులకు 26.9, నల్లజాతివారికి 28.1. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి 23.9 అంటే దాదాపు 67 కిలోలు. ఆ బరువున్న మనిషిని మన పెళ్లిళ్లలో "చిక్కిపోయావేమిటి, సరిగ్గా తింటున్నావా" అని పలకరిస్తారు.

ఇక మగా ఆడా: స్కాట్లండ్‌లో షుగరు కొత్తగా బయటపడినవాళ్ల సగటు బీఎంఐ మగవాళ్లలో 31.8, ఆడవాళ్లలో 33.7. ఆడవాళ్ల కన్నా తక్కువ బరువు దగ్గరే మగవాళ్లు జబ్బున పడుతున్నారు. మగవాళ్ల కొవ్వు తొందరగా పొట్టలోకి, కాలేయంలోకి చేరడం దీనికి కారణమంటారు. ఆడవాళ్ల కొవ్వు చాలాకాలం పిరుదుల్లో, తొడల్లో అంతగా చేటు చేయకుండా ఉంటుంది.

ఇద్దరు డాక్టర్ల ఫొటో

పుణే డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్‌కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన నిలబడి ఫొటో వేయించుకున్నారు. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్‌కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం.

యాజ్ఞిక్ ఈ తేడాను పుట్టుకలోనే వెతికాడు. పుణే చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన బిడ్డల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండ్‌లోని సౌథాంప్టన్ బిడ్డలది 3.5 కిలోలు. మన బిడ్డల్లో తగ్గింది కండ, కాలేయం వంటివి. చర్మం కింది కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. తల్లి కడుపులో చాలీచాలని తిండికి అలవాటుపడిన ఒళ్లు, తర్వాత కడుపు నిండే రోజులు వస్తే తట్టుకోలేకపోతుంది. ఇంగ్లండ్‌లోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 64 ఏళ్ల మగవాళ్లను వాళ్ల పుట్టినప్పటి బరువులతో సరిచూసినప్పుడు కూడా ఇదే తేలింది. రెండున్నర కిలోల లోపు పుట్టినవాళ్లలో నూటికి 40 మందికి షుగరో దాని ముందు దశో ఉంది, 4.3 కిలోలు దాటి పుట్టినవాళ్లలో 14 మందికే. వాళ్లు తెల్లవాళ్లు. కాబట్టి ఇది జాతి లక్షణం కన్నా ముందు తల్లి కంచానికి సంబంధించిన విషయం.

హైదరాబాదు పక్క పల్లెల్లో ఉప్మా

ఈ విశేషాల్లో నాకు అన్నిటికన్నా ప్రియమైనది ఇదే, మన ఇంటి దగ్గరిది కావడం ఒక్కటే అందుకు కారణం కాదు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాదుకు దగ్గర్లోని 29 పల్లెల్లో జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. అంగన్‌వాడీ పథకం అప్పటికే అందిన 15 పల్లెల్లో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో సోయా నూనె వేసి చేసిన ఉప్మా రోజూ పెట్టారు. పథకం ఇంకా రాని 14 పల్లెల్లో అది లేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్లవాళ్లయ్యాక మళ్లీ వెతికి పట్టుకుని రక్తపరీక్షలు చేశారు. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతావాళ్ల కన్నా సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగు పెరిగారు. ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం అనే లక్షణం వాళ్లలో 20 శాతం తక్కువ. షుగరుకు తొలి మెట్టు అదే. ఫలితాలు 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

రెండు వైపులా అలాంటి పల్లెలే, అదే జాతి. ప్రధానమైన తేడా గిన్నెడు ఉప్మా. అంగన్‌వాడీ సరుకు సరిగ్గా రాని నెలల్లో నష్టపోతున్నది ఆ పూట ఆకలి మాత్రమే కాదని అధికారులకు ఎవరైనా గట్టిగా చెప్పాలి.

జన్యువుల వంతు

జన్యువుల పాత్ర లేదని కాదు. గ్రీన్‌లండ్ ఇన్యూట్‌లలో ఒక జన్యు మార్పు ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ అందినవాళ్లు జనాభాలో నూటికి నలుగురు దాకా ఉంటారు. వాళ్లకు షుగరు ముప్పు దాదాపు పదింతలు. అలాంటివాళ్లలో 40 దాటినవారిలో 60 శాతానికి, 60 దాటినవారిలో 80 శాతానికి షుగరు కనిపించింది. భోంచేశాక చక్కెరను కండ సరిగ్గా తీసుకోలేకపోవడం వాళ్ల లోపం. పరగడుపున పరీక్ష చేస్తే చాలామందికి మామూలుగానే వస్తుంది. సీలు, చేపలే తిండిగా ఉన్న రోజుల్లో ఈ లోపం ఉన్నా లేనట్టే ఉండి ఉండవచ్చు.

మెక్సికో, లాటిన్ అమెరికాల్లో షుగరు పెంచే ఒక జన్యు రూపం నియాండర్తల్ మానవుల నుంచి వచ్చిందని 2014లో తేలింది. అమెరికా ఖండపు ఆదివాసుల్లో దాదాపు సగం మందిలో ఉన్న ఆ రూపం ఐరోపా, ఆఫ్రికా వారిలో అరుదు.

సమోవా దీవుల్లో అయితే మన అంచనాలన్నీ తారుమారు. అక్కడ చాలామందిలో ఉన్న ఒక జన్యు మార్పు బరువు పెంచుతుంది, షుగరు ముప్పు తగ్గిస్తుంది.

పరీక్షే తప్పితే?

రక్తంలో చక్కెర మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాల ఆయుష్షు మీద ఆధారపడుతుంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉంటే కణాలు తొందరగా పోతాయి, సగటు తప్పుడు ధైర్యం ఇస్తుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో నూటికి 11 మంది దాకా దీనికి కారణమైన జన్యు మార్పును మోస్తున్నారు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది. ఆడవాళ్లకు రెండో ఎక్స్ ఆదుకోవచ్చు, మగవాళ్లకు ఒకటే ఎక్స్. అందుకే మార్పు అందిన మగవాళ్లలో ఫలితం దాదాపు 0.8 తక్కువ చూపిస్తుంది. ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుంటే అమెరికాలో ఆరున్నర లక్షల మంది నల్లజాతివారికి షుగరు ఉన్నా లేదనిపిస్తుందని 2017లో అంచనా వేశారు. మన దేశంలోనూ కొన్ని వర్గాల్లో ఈ లోపం ఉంది. ఉందని తెలిసినవాళ్లు డాక్టరుకు ముందే చెప్పి, పరగడుపు పరీక్ష, భోజనం తర్వాతి పరీక్ష కూడా చేయించుకోవడం మంచిది.

పిల్లల లెక్కలు వేరు

ఇన్సులిన్ పూర్తిగా ఆగిపోయే టైప్ 1 షుగరుది మరో ప్రపంచపటం. 1990–94 మధ్య ఫిన్లండ్‌లోనూ ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలోనూ ఏటా లక్ష మంది పిల్లల్లో 36 మందికి పైగా కొత్తగా దీని బారిన పడ్డారు. చైనాలోని కొన్ని చోట్ల, వెనిజువెలాలో లక్షకు 0.1. ఫిన్లండ్‌ను ఆనుకుని ఉన్న రష్యా కరేలియాలో జన్యువులు దగ్గరగానే ఉన్నా జబ్బు ఆరింతలు తక్కువ. మన ఒంటి రక్షణ వ్యవస్థ మనమీదే తిరగబడే జబ్బులు మామూలుగా ఆడవాళ్లకు ఎక్కువ వస్తాయి. టైప్ 1 అలా కాదు. చిన్నపిల్లల్లో ఆడా మగా దాదాపు సమానం, ఐరోపా సంతతిలో యుక్తవయసు దాటాక మగవాళ్లే ఎక్కువ.

అమెరికాలో షుగరు ఉన్న 10 నుంచి 19 ఏళ్లవాళ్లను 2001 లెక్కల్లో చూస్తే, తెల్లవారిలో నూటికి ఆరుగురిదే టైప్ 2, అంటే పెద్దవాళ్లలో మామూలుగా కనిపించే రకం. ఆదివాసుల్లో 76 మందిది అదే. ఆ వయసులో టైప్ 2 మగపిల్లల కన్నా ఆడపిల్లలకే ఎక్కువ. పెద్దయ్యాక తూకం మారుతుంది.

ఆడవాళ్లకు మరో రెండు మాటలు

గర్భంతో ఉన్నప్పుడు వచ్చే షుగరు దక్షిణాసియా ఆడవాళ్లలో ఎక్కువ. చెన్నై డాక్టరు వి. శేషయ్య ముందుండి నడిపిన పద్ధతిని మన ప్రభుత్వం తీసుకుంది. గర్భిణి తిని వచ్చినా తినకుండా వచ్చినా 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర 140 దాటిందేమో చూడటమే ఆ పద్ధతి. పరగడుపున రమ్మంటే బస్సెక్కి వచ్చే పల్లెటూరి గర్భిణులు మళ్లీ రారని ఆయనకు తెలుసు. ఆయన పుట్టినరోజైన మార్చి 10న ఈ జబ్బు గురించి అవగాహన దినం జరుపుతారు.

ఇంకోటి. మామూలుగా గుండెజబ్బు ఆడవాళ్లకు మగవాళ్ల కన్నా ఆలస్యంగా వస్తుంది. షుగరు వస్తే ఆ రక్షణ చాలావరకు పోతుంది. షుగరు వల్ల గుండె రక్తనాళాల జబ్బు ముప్పు పెరిగే తీరు మగవాళ్ల కన్నా ఆడవాళ్లలో 44 శాతం ఎక్కువని 2014లో లెక్క తేలింది. ఇంట్లో ఆయన మాత్రలు గుర్తుచేసే ఆవిడ మాత్రల డబ్బా సంగతి కూడా ఎవరో ఒకరు చూడాలి.

ఏడు వారాలు, పదిహేడేళ్లు

1982లో పడమటి ఆస్ట్రేలియాలోని డెర్బీ దగ్గర, షుగరు ఉన్న పదిమంది ఆదిమవాసులు పరిశోధకురాలు కెరిన్ ఓడీతో పాటు తమ పూర్వీకుల నేలకు వెళ్లారు. ఏడు వారాలు వేటాడి, చేపలు పట్టి, దుంపలు తవ్వుకుని తిన్నారు. సగటున ఎనిమిది కిలోలు తగ్గారు. పరగడుపు చక్కెర సుమారు 209 నుంచి 119కి దిగింది.

అందరూ అడవికి వెళ్లలేరు. అమెరికా ఆదివాసుల కోసం 1997లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక షుగరు కార్యక్రమం మొదలుపెట్టింది. ఊరి ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లారు. మూత్రపిండాల్ని కాపాడే మందులు వాడేవాళ్లు ఐదేళ్లలో 42 శాతం నుంచి 74 శాతానికి పెరిగారు. షుగరు వల్ల మూత్రపిండాలు పూర్తిగా దెబ్బతినడం 1996 నుంచి 2013 మధ్య ఆ ఆదివాసుల్లో 54 శాతం తగ్గింది. అమెరికాలో మరే జాతిలోనూ ఇంత వేగంగా తగ్గలేదు.